మంచు, పొగ, పిడుగు: శరదారంభ వాతావరణ సూచనల్లో తెలుగు పదాల ఎంపిక

వ్యాససంగ్రహం

నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే శరదారంభంలో వెలువడే వాతావరణ సూచనల్లో మూడు ప్రమాదాలు తరచుగా కనిపిస్తాయి. అవి నేలమీద పేరుకునే మంచు, గాలిలో నిలిచిపోయే పొగ, ఉరుములతో వచ్చే పిడుగు. వీటిని తెలుగులో చెప్పేటప్పుడు రెండు రకాల ఇబ్బందులు ఎదురవుతున్నాయి. ఇంగ్లీషులో వేర్వేరు మాటలున్న దృగ్విషయాలు తెలుగులో ‘మంచు’ అనే ఒకే మాటలో కలిసిపోతున్నాయి. తెలుగులో వేర్వేరు మాటలున్న దృగ్విషయాలు అనువాదంలో తమ భేదాన్ని పోగొట్టుకుంటున్నాయి. ఈ రెండింటినీ ఉదాహరణలతో వివరించి, వినేవారు చేయవలసిన పనిని బట్టి పదాన్ని ఎంచుకోవాలని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శరదృతువు, వాతావరణ సూచన, కార్తెలు, మంచు, పొగమంచు, పిడుగు, అనువాదం

1. ఉపోద్ఘాతం

ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువు. తెలుగు కావ్యసంప్రదాయంలో ఈ రుతువు నిర్మలతకు మారుపేరు. వానలు తగ్గి, ఏటినీరు తేటపడి, రెల్లు పూచి, వెన్నెల పిండి ఆరబోసినట్లు కాసే కాలంగా కవులు దీన్ని భావించారు. నన్నయ భారతాంధ్రీకరణం అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగిందన్నది సాహిత్యచరిత్రలో ప్రసిద్ధమైన విషయం. ఈ సంప్రదాయంలో మంచు హేమంతానికి, ఉరుములూ మెరుపులూ వర్షర్తువుకు చెందిన వర్ణ్యవస్తువులు. శరత్తులో వాటికి చోటు తక్కువ.

వాతావరణ కేంద్రాల సూచనలు ఇందుకు భిన్నమైన శరత్తును చూపుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆశ్వయుజం పిడుగుల కాలం కూడా. సెప్టెంబర్ చివర మొదలయ్యే వరికొయ్యల మంటల పొగ పంజాబ్, హర్యానాల మీదుగా ఢిల్లీ వరకు వ్యాపిస్తుంది. అమెరికాలోని కొలరాడో వంటి పర్వతప్రాంత రాష్ట్రాలలో సెప్టెంబర్‌లోనే తొలి మంచు పడవచ్చు. చదువుకోసం, ఉద్యోగాలకోసం తెలుగువారు ఈ అన్ని ప్రాంతాలలోనూ నివసిస్తున్నారు. కనుక ఈ మూడు ప్రమాదాలను గురించి తెలుగులో చెప్పుకోవలసిన అవసరం ఏర్పడింది. కవి వర్ణనలో పదం సందిగ్ధంగా ఉంటే అది ధ్వనికి తోడ్పడవచ్చు. హెచ్చరికలో అదే సందిగ్ధత ప్రాణం మీదికి తెస్తుంది.

2. కార్తెల నుంచి బులెటిన్ల వరకు

సూచన చెప్పడం తెలుగువారికి కొత్త విద్య కాదు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే సుమారు 13, 14 రోజుల కాలాన్ని కార్తెగా లెక్కించి, ఏడాదిని 27 కార్తెలుగా విభజించుకుని రైతులు సేద్యం సాగించారు. శరదారంభం ఉత్తర, హస్త, చిత్త కార్తెల కాలం. ఉత్తర సెప్టెంబర్ నడుమ మొదలవుతుంది. చిత్త అక్టోబర్ మూడో వారం దాటేవరకు ఉంటుంది.

‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అనే సామెత ఈ కాలానిదే. ఉత్తర కార్తె వచ్చినా వాన పడకపోతే ఇక పంటమీద ఆశ వదులుకుని గంప ఎత్తుకుని వలసపోవలసిందేనని దీని భావం. ఈ సామెతలో నిర్మాణపరంగా గమనించదగిన అంశం ఒకటుంది. ‘చూసి’ అనే క్త్వార్థకం గుర్తును చెబుతుంది. ‘ఎత్తర’ అనే విధ్యర్థకం పనిని చెబుతుంది. గుర్తూ పనీ ఒకే వాక్యంలో, ఏ పారిభాషిక పదమూ లేకుండా ఇమిడిపోయాయి. మంచి హెచ్చరికకు ఉండవలసిన లక్షణం ఇదే.

నేటి సూచనలకు ఆధారం వేరు. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ ఉపగ్రహాలు, రాడార్లు, సంఖ్యాత్మక నమూనాల సాయంతో సూచనలు ఇస్తున్నది. 2020లో సవరించిన తేదీల ప్రకారం నైరుతి రుతుపవనాలు పశ్చిమ రాజస్థాన్ నుంచి సాధారణంగా సెప్టెంబర్ 17న వెనుదిరగడం మొదలై, అక్టోబర్ 15 నాటికి దేశమంతటా పూర్తవుతుంది. ఉపసంహరణ సాగే ఈ నెలరోజులు ఒక గాలి పోయి మరొక గాలి వచ్చే సంధికాలం. రాబోయే మూడు గంటలకు ఇచ్చే తక్షణ సూచనలు, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులలో ఇచ్చే హెచ్చరికలు ఈ సంధికాలంలో ఎంతో ఉపయోగపడతాయి. అయితే రంగు తీవ్రతను మాత్రమే తెలుపుతుంది. ప్రమాదం ఏమిటో, దానికి ఏంచేయాలో తెలిపేది మాటే.

3. నిర్మలాకాశం వెనుక ఉన్న కారణం

శరత్తును కవులు మెచ్చుకున్న గుణం మబ్బులేని ఆకాశం. మంచు పేరుకోవడానికీ, పొగ నిలిచిపోవడానికీ అనువైన స్థితి కూడా అదే.

పగలు వేడెక్కిన నేల రాత్రివేళ ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో పైకి వదులుతుంది. మబ్బు ఉంటే ఆ వేడిలో కొంత భాగాన్ని తిరిగి నేలకు పంపుతుంది. ఒకరకంగా అది నేలకు కప్పిన దుప్పటి. మబ్బులేని రాత్రి ఆ దుప్పటి తొలగిపోతుంది. గాలికూడా వీచకపోతే నేల, దాన్ని అంటిపెట్టుకున్న పలుచని గాలిపొర వేగంగా చల్లబడతాయి. పైనున్న గాలి మాత్రం అంతగా చల్లబడదు. సాధారణంగా ఎత్తుకు పోయేకొద్దీ తగ్గవలసిన ఉష్ణోగ్రత, ఇక్కడ కొంత ఎత్తువరకు పెరుగుతుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. చల్లనిగాలి బరువైనది కావడంవల్ల లోయల్లోకి, పల్లపు భూముల్లోకి జారి అక్కడే నిలుస్తుంది.

చల్లబడిన నేలమీది ఆకులు, గడ్డిపరకలు సున్నా డిగ్రీలకంటే కిందికి వెళితే గాలిలోని ఆవిరి నీరుగా మారకుండానే వాటిమీద స్ఫటికాలుగా పేరుకుంటుంది. పైనున్న వెచ్చని పొర మూతలా పనిచేసి, కిందిపొగను పైకి పోనివ్వదు. ఈ విధంగా చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రి ఒకచోట పంటను మాడ్చవచ్చు, మరొకచోట ఊపిరిని బరువు చేయవచ్చు.

4. ‘మంచు’: ఒక మాట, అనేక స్థితులు

4.1. పర్యాయపదాల సమస్య

తెలుగులో ‘మంచు’ అనే మాట ఆకాశంనుంచి కురిసే హిమాన్ని, తెల్లవారుజామున కమ్మే తెరను, ఆకులమీది నీటిబిందువులను, గడ్డకట్టిన నీటిని, ఆకులమీద తెల్లగా పేరుకునే స్ఫటికాలను అన్నింటినీ సూచిస్తుంది. ఇది తెలుగుకే పరిమితమైన స్థితి కాదు. కన్నడంలోని ‘మంజు’, మలయాళంలోని ‘మఞ్ఞ్’ కూడా ఇటువంటి విస్తృతార్థంలోనే వాడుకలో ఉన్నాయి. తమిళంలో ‘మంజు’ మేఘానికీ చెల్లుతుంది. హిమపాతం అరుదైన నేలలో పుట్టిన భాషలకు ఈ భేదాల అవసరం పెద్దగా కలగలేదు. వానకు మాత్రం తెలుగు చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడి, కుండపోత అంటూ ఎన్నో మాటలను సమకూర్చుకుంది. అవసరం ఉన్నచోట భాష ఎంత సూక్ష్మంగా విభజించుకుంటుందో చెప్పడానికి ఇది నిదర్శనం.

సంస్కృతం నుంచి వచ్చిన హిమం, తుహినం, తుషారం, నీహారం, ప్రాలేయం వంటి పదాలు ఈ లోటును తీర్చగలవని అనిపించవచ్చు. కాని అమరకోశం వీటన్నింటినీ ఒకే వర్గంలో పర్యాయాలుగా చెప్పింది. పద్యంలో గణం కోసం, యతి కోసం ఒకదాని స్థానంలో మరొకటి వాడుకునే అవకాశాన్ని ఇవి ఇచ్చాయి. భౌతికస్థితుల భేదాన్ని మాత్రం స్థిరపరచలేదు. ‘తుషారం’ అంటే ఒక పాఠకుడికి మంచుబిందువు స్ఫురిస్తుంది, మరొకరికి తుంపర స్ఫురిస్తుంది.

4.2. లంబసింగి ఉదాహరణ

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో కొన్ని రాత్రులు అక్కడి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరువవుతుంది. దానికి ‘కొర్రబయలు’ అనే పేరుకూడా ఉంది. ఆరుబయట ఉన్నవారు కొయ్యలా బిగుసుకుపోతారన్న భావంతో ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. ‘లంబసింగిలో మంచు కురుస్తోంది’ అన్న వార్తను విని, హిమాలయాల్లోవలె హిమపాతాన్ని చూడవచ్చనే ఆశతో వెళ్ళేవారున్నారు. అక్కడ సాధారణంగా కనిపించేది లోయను కప్పే దట్టమైన పొగమంచు. చలి బాగా ముదిరిన తెల్లవారుజాముల్లో గడ్డిమీద పేరిన మంచు కూడా కనిపించవచ్చు. పర్యాటకుడికి ఈ పొరపాటువల్ల కలిగేది నిరాశ మాత్రమే. ఆ లోయలో దారి వెతుక్కునే వాహనచోదకుడికి, చలికి తట్టుకోలేని కాఫీ మొక్కలను పెంచే గిరిజన రైతుకు ‘మంచు’ ఏ రకమైనదన్నది ముఖ్యమైన ప్రశ్న. చోదకుడికి కావలసింది ఎంతదూరం కనిపిస్తుందన్న సమాచారం. రైతుకు కావలసింది నేలమీది ఉష్ణోగ్రత.

4.3. కొలరాడో ఉదాహరణ

2020 సెప్టెంబర్ 5న అమెరికాలోని డెన్వర్ నగరంలో ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటింది. సెప్టెంబర్ 8న అదే నగరంలో హిమం కురిసింది. అప్పటికే ఆ రాష్ట్రపు ఉత్తరభాగంలో ఆగస్టు 13న మొదలైన కెమరాన్ పీక్ కార్చిచ్చు మండుతూ ఉంది. దాని పొగ, బూడిద సమీప పట్టణాలమీద పడుతున్నాయి. కురిసిన హిమం మంటను కొంతకాలం నెమ్మదింపజేసిందే కాని ఆర్పలేదు. అక్టోబర్‌లో అది మళ్ళీ విజృంభించి, 2 లక్షల ఎకరాలకు పైగా విస్తరించి, ఆ రాష్ట్ర చరిత్రలోనే అతిపెద్ద కార్చిచ్చుగా నమోదైంది. ఎండ, పొగ, హిమం కొద్దిరోజుల వ్యవధిలో ఒకేచోటికి వచ్చిన సందర్భమిది.

ఇటువంటిచోట ‘రేపు రాత్రి మంచు’ అన్న తెలుగు వాక్యం దేన్ని చెబుతుంది? కురిసే హిమమైతే దారులు జారుతాయి, ప్రయాణం మానుకోవాలి. తెరలా కమ్మేదైతే వాహనం నెమ్మదిగా నడపాలి. ఆకులమీద పేరేదైతే ప్రయాణానికి అడ్డులేదు కాని, మొక్కలను కాపాడుకోవాలి. విదేశాలలోని తెలుగు ఇళ్ళ పెరళ్ళలో గోంగూర, బెండ, బీర పెంచుకోవడం, కుండీలో కరివేపాకును బిడ్డలా సాకడం సాధారణం. ఉష్ణదేశపు మొక్కలైన ఇవన్నీ ఒక్కరాత్రి పేరిన మంచుకే నల్లబడిపోతాయి. అంతేకాక, ఉష్ణమాపకాలను నేలకు సుమారు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున ఉంచుతారు. అక్కడ 2 డిగ్రీలు నమోదైనప్పుడు నేలమీద సున్నాకంటే తక్కువ ఉండవచ్చు. కనుక సూచనలోని అంకెను మాత్రమే చూసి ‘సున్నాకు రాలేదు కదా’ అని కుండీని బయటే వదిలేయడం పొరపాటు.

5. ‘పొగమంచు’: ఒక సమాసం, రెండు విగ్రహాలు

సూచనల భాషలో మరింత జాగ్రత్త అవసరమైన మాట ‘పొగమంచు’. దీని సంప్రదాయార్థం ‘పొగవంటి మంచు’. తేనెమాట, కలువకన్నులు వంటి పదాలవలె ఇది ఉపమాన పూర్వపద కర్మధారయం. ఇందులో పొగ లేదు, పొగతో పోలిక మాత్రమే ఉంది. గాలిలో తేలే సూక్ష్మమైన నీటిబిందువుల కారణంగా చూపు ఒక కిలోమీటరుకంటే తగ్గినప్పుడు దానిని వాతావరణ శాస్త్రం ఈ స్థితిగా గుర్తిస్తుంది.

లండన్ నగరంలో బొగ్గుపొగ, మంచుతెర కలిసి ఏర్పడే స్థితికి 1905లో డెవో అనే వైద్యుడు ఇంగ్లీషులోని రెండు మాటల ముక్కలను కలిపి ‘స్మాగ్’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. 1952 డిసెంబర్‌లో ఆ నగరాన్ని కమ్మిన ఈ విషపుతెర వేలమంది మరణానికి కారణమైంది. తెలుగు పత్రికలు ఈ మాటను కూడా ‘పొగమంచు’ అనే అనువదిస్తున్నాయి. ఇక్కడ విగ్రహవాక్యం ‘పొగయును, మంచును’. అంటే ఇది ద్వంద్వ సమాసం. రూపం ఒకటే అయినా విగ్రహం మారింది. విగ్రహంతోపాటు ప్రమాదమూ మారింది.

ఢిల్లీ శరత్తు ఇందుకు తగిన ఉదాహరణ. భూగర్భజలాల రక్షణకోసం పంజాబ్‌లో 2009లో వచ్చిన చట్టం వరినాట్లను జూన్ నడిమికి జరిపింది. దానివల్ల కోతలూ ఆలస్యమై, గోధుమ విత్తడానికి మిగిలే వ్యవధి తగ్గింది. యంత్రంతో కోసిన మళ్ళలో మిగిలే వరికొయ్యలను తొలగించడానికి రైతులకు చవకైన, వేగవంతమైన మార్గంగా నిప్పు మిగిలింది. నీటిని కాపాడే ప్రయత్నం గాలిమీద భారం మోపిన తీరు ఇది. ఈ పొగకు వాహనాలు, పరిశ్రమలు, రోడ్డుదుమ్ము, దీపావళి బాణసంచా తోడవుతాయి. ముందు చెప్పిన ఉష్ణోగ్రతా విలోమం వీటన్నింటినీ నగరంమీదే నిలిపి ఉంచుతుంది. గాలి నాణ్యతా సూచీ 300 దాటితే ‘చాలా నాసి’, 400 దాటితే ‘తీవ్రం’ అనే వర్గాల్లోకి వస్తుంది.

ఈ స్థితిని ‘ఢిల్లీని కమ్మేసిన పొగమంచు’ అని చదివిన తెలుగు పాఠకుడు సంప్రదాయార్థాన్నే గ్రహించే అవకాశముంది. తెలుగు ఇళ్ళలో ‘మంచు పడుతోంది, తలకు గుడ్డ కట్టుకో’ అనడం పరిపాటి. పొద్దెక్కితే మంచు విడిపోతుందన్న భరోసా కూడా ఆ మాటలోనే ఉంది. పొగ పొద్దెక్కినంతమాత్రాన పూర్తిగా పోదు. దాన్ని తలగుడ్డ ఆపలేదు. 2.5 మైక్రాన్లకంటే చిన్నవైన రేణువులు, అంటే వెంట్రుక మందంలో సుమారు ముప్ఫయ్యో వంతు ఉండేవి, ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. సాధారణ గుడ్డ వాటికి అడ్డుకాదు. ఉదయపు నడక మానడం, పిల్లలను, ఉబ్బసరోగులను లోపల ఉంచడం, బయటికి వెళ్ళక తప్పకపోతే ఎన్95 మాస్కు ధరించడం ఇక్కడ చేయవలసిన పనులు. ‘మంచు’ అనే ఉత్తరపదం ఈ పనులను గుర్తుచేయదు. పైగా విషానికి ఒక చల్లని, సహజమైన ముసుగు వేస్తుంది.

6. ‘పిడుగు’: ఉన్న భేదాన్ని పోగొట్టుకోవడం

మంచు విషయంలో తెలుగుకు మాటలు చాలలేదు. పిడుగు విషయంలో ఉన్న మాటలను సూచనలు వాడుకోవడం లేదు. తెలుగులో వెలుగుకు మెరుపు, ధ్వనికి ఉరుము, నేలను తాకే విద్యుత్పాతానికి పిడుగు అని మూడు వేర్వేరు దేశ్యపదాలున్నాయి. మబ్బులోపల, మబ్బుకూ మబ్బుకూ నడుమ జరిగే విద్యుత్ప్రవాహం వేరు, మబ్బునుంచి నేలకు దిగేది వేరు అని శాస్త్రం చేసే విభజనకు ఇది దగ్గరగా ఉంది. ఇంగ్లీషులో ఈ రెండింటికీ సాధారణంగా ‘లైట్నింగ్’ అనే మాట ఒక్కటే వాడతారు. ఆ మాటను యాంత్రికంగా ‘మెరుపు’ అని అనువదించడంతో ‘ఉరుములు, మెరుపులతో కూడిన వర్షాలు’ అనే పదబంధం స్థిరపడింది.

ఈ పదబంధంలో విశేష్యం ‘వర్షాలు’. ఉరుములూ మెరుపులూ దానికి విశేషణాలు. వినేవారి మనసులో నిలిచేది వాన. వాన వస్తే పొలంలోని మనిషి చేసే పని చెట్టుకిందికి వెళ్ళడం. పిడుగు వేళ ప్రాణాలు తీసేదీ ఆ చెట్టే. ఎత్తైన చెట్టుమీద పడిన పిడుగు కాండంనుంచి పక్కనున్న మనిషిమీదికి దూకగలదు. వేళ్ళవెంట నేలలో పరుచుకున్న విద్యుత్తు ఒక కాలినుంచి ఎక్కి మరొక కాలినుంచి దిగగలదు. ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ దూరం ఎక్కువ కావడంవల్ల పశువులు ఒకేసారి గుంపుగా చనిపోవడం కూడా ఇందువల్లనే. పిడుగు దారిలోని గాలి సుమారు 30,000 డిగ్రీలకు వేడెక్కుతుంది. దేశంలో ఏటా 2,000 మందికి పైగా పిడుగుపాటుకు మరణిస్తున్నట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు తెలుపుతున్నాయి. మృతులలో పొలాల్లో, ఆరుబయట పనిచేసేవారు అధికం.

శరదారంభంలో ఈ ప్రమాదం ఎక్కువ కావడానికి కారణాలున్నాయి. ఉపసంహరణ కాలంలో ఉదయపు ఆకాశం తేటగా ఉండి ఎండ కాస్తుంది. నేలలో తడి, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ తగ్గవు. మధ్యాహ్నానికి వేడిగాలి వేగంగా పైకిలేచి క్యుములోనింబస్ మేఘాలు ఏర్పడతాయి. తెలంగాణలో పత్తి తొలి ఏరివేతలు, రాయలసీమలో వేరుశనగ పీకడం ఇదేకాలంలో, అదే మధ్యాహ్నపు వేళల్లో సాగుతాయి. ఉదయం ఆకాశం చూసి పనికి వెళ్ళిన కూలీకి ‘వర్షం పడవచ్చు’ అన్న సూచన పని ఆపవలసినంత కారణంగా తోచదు.

ఉరిమినప్పుడు ‘అర్జున, ఫల్గుణ’ అంటూ పేర్లు తలచుకోవడం తెలుగువారి ఆచారం. ఆ భయానికి తోడుగా ఒక కొలతను కూడా నేర్పవచ్చు. ధ్వని కిలోమీటరు ప్రయాణించడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. మెరుపు కనిపించాక 30 లెక్కించేలోపే ఉరుము వినిపిస్తే పిడుగు సుమారు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్లు. వెంటనే పక్కా కట్టడంలోకి వెళ్ళి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పుణెలోని భారత ఉష్ణదేశ వాతావరణ విజ్ఞాన సంస్థ రూపొందించిన ‘దామిని’ అనే మొబైల్ యాప్ సమీపంలోని పిడుగులను తెలుపుతుంది. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో పిడుగు హెచ్చరికలు ఇస్తూ, చెట్లకింద ఉండవద్దని చెప్పడం అనుసరించదగిన పద్ధతి. అక్కడ విశేష్యం వాన కాదు, పిడుగు. చేయకూడని పనికూడా పక్కనే ఉంది.

7. ప్రతిపాదనలు

పై పరిశీలన ఆధారంగా సూచనల భాషకు కొన్ని నియమాలను ప్రతిపాదించవచ్చు.

1. కురిసేదానికి ‘హిమపాతం’, ఆకులమీద స్ఫటికాలుగా ఏర్పడేదానికి ‘పేరిన మంచు’, బిందువులకు ‘మంచుబిందువులు’ అని విడివిడిగా వాడాలి. ‘నెయ్యి పేరింది’ అనే వాడుక అందరికీ తెలిసినదే కనుక ‘పేరిన మంచు’కు వివరణ అవసరం ఉండదు. కేవలం ‘మంచు’ అని వదిలేయకూడదు.

2. ‘పొగమంచు’ను నీటిబిందువుల తెరకే పరిమితం చేయాలి. కాలుష్యం ఉన్నచోట ‘విషపు పొగ’ లేదా ‘కాలుష్యపు పొగ’ అనాలి. పొగను విశేష్యంగా నిలపడం ఇక్కడ ముఖ్యం.

3. నేలను తాకే ప్రమాదం ఉన్నప్పుడు ‘పిడుగు’ అనే మాటతోనే వాక్యాన్ని ప్రారంభించాలి. వాన సంగతి తర్వాత చెప్పాలి.

4. ప్రతి హెచ్చరికలోనూ గుర్తుతోపాటు పనిని చెప్పాలి. ‘ఉరుము వినపడితే చెట్టు వదిలి ఇంటికి చేరండి’ అన్న వాక్యంలో ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ నిర్మాణమే ఉంది.

8. ముగింపు

మూడు ప్రమాదాలలో తెలుగు పదాల స్థితి మూడు రకాలుగా ఉంది. ‘మంచు’లో మాట ఒకటే, అర్థాలు అనేకం. ‘పొగమంచు’లో పాత సమాసంలోకి కొత్త అర్థం ప్రవేశించి పాతదాని వెనుక దాగింది. ‘పిడుగు’లో తగిన మాట ఉన్నా అనువాదం దాన్ని పక్కకు నెట్టింది. కనుక పరిష్కారం అన్నిచోట్లా కొత్త పదాల సృష్టి కాదు. ఒకచోట విశేషణాన్ని చేర్చాలి, ఒకచోట అర్థాన్ని పరిమితం చేయాలి, ఒకచోట వాడుకలోని దేశ్యపదానికి దాని స్థానాన్ని తిరిగి ఇవ్వాలి. పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రం పనికిరాదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

తెలుగు శాఖలలో పారిభాషిక పదాలమీద జరిగే పరిశోధన ఎక్కువగా నిఘంటువుల చుట్టూ తిరుగుతుంది. వాతావరణ సూచన వంటి రంగంలో పదాన్ని పరీక్షించవలసిన చోటు నిఘంటువు ఒక్కటే కాదు. పత్తిచేలో ఉన్న కూలీ ఆ మాట విని ఎటువైపు నడిచిందన్నదే అసలైన పరీక్ష. ఆమె చెట్టువైపు నడిస్తే ఆ అనువాదం విఫలమైనట్లే.